తవిటయ్య చెప్పని ఇరుసు

ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో చక్రాల విభాగం ఫిట్టరుగా రిటైరయ్యాక తవిటయ్యకి పొద్దు పోవడమే కష్టమైంది. అది 1966. భార్య దాలమ్మ పోయి అప్పటికి ఏడాది. తాల్‌బగీచాలో అద్దెగది. ఒక్కపూట వండుకుని రెండుపూటలా తినేవాడు. వర్క్‌షాపు సైరన్ మోగేసరికి స్నానం చేసి చొక్కా తొడుక్కుని కూర్చునేవాడు. తరవాత ఎక్కడికి వెళ్లాలో తోచేది కాదు.

అలాంటి రోజుల్లో ఆర్థర్ దొర కబురు పెట్టాడు. ఆయన మెయిల్ రైలు డ్రైవరుగా చేసి రిటైరైన ఆంగ్లో ఇండియన్. పెళ్లి చేసుకోలేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యాక మిలిటరీ వేలంలో ఒక జీపూ, దాని వెనక తగిలించుకునే రెండు చక్రాల చిన్న ఇంటిబండీ కొన్నాడు. లోపల మంచం, స్టవ్వు, నీళ్ల పీపా పట్టేంత చోటుంది. రైల్వే క్వార్టరు ఖాళీ చెయ్యవలసి వచ్చేసరికి, ఆ బండిలోనే సముద్రపు ఒడ్డు పట్టుకుని తిరుగుతూ బతికేద్దామనుకున్నాడు. తీరా చూస్తే ఇరుసు వంగి ఉంది.

"కొలిమిలో పెట్టించి సాపు చేయించేద్దామా, మిస్త్రీ?" అన్నాడు. ఇంజన్లో బొగ్గు వేసే తెలుగు ఫైర్‌మన్లతో ముప్పై ఏళ్లు పనిచేసినవాడు, తెలుగు బాగానే వచ్చు.

బండి కింద నుంచే తవిటయ్య జవాబు చెప్పాడు. "వద్దు దొరా. ఒకసారి వంగిన ఇనుము మళ్లీ అక్కడే వంగుతాది. పీకీసి ఇంకోటి ఎయ్యాల."

ఇరుసుకి చక్రం బిగించే ఒక కొస నుంచి అవతలి కొస దాకా కొలిచాడు. యాభై రెండు అంగుళాలు. బండి బరువు మోసే కమాను పట్టీలు కూర్చునే చోట్ల మధ్య ముప్పై ఎనిమిది. ఇవి తప్పితే చక్రాలు బండి పక్కలకి రాసుకుంటాయి. ఆ తరవాత మంచం, స్టవ్వు, బట్టల పెట్టె లోపల పెట్టించి, పీపా నిండా నీళ్లు పోయించి, బండిని మెల్లిగా కట్టెల అడితీ కాటా మీదికి లాగించాడు.

"ఖాళీ బండి తూస్తే చాలదా?"

"తవరు ఖాళీ బండితో ఎల్తారా ఏటి?"

ఏడువందల కిలోలు తేలింది. గోతుల్లో పడే దెబ్బ కూడా లెక్కేసుకుని, టన్ను మోసే ఇరుసు కావాలన్నాడు తవిటయ్య.

ఆ మర్నాటి నుంచి సైరన్ మోగాక అతనికి వెళ్లడానికి ఒక చోటు ఏర్పడింది. పాత ఇనుము దుకాణాలన్నీ తిరిగి, మధ్యాహ్నానికి ఆర్థర్ వరండాకి చేరేవాడు. ఇద్దరూ టీ తాగేవాళ్లు. దాలమ్మ సంగతులు ఎవరితోనూ అననివి ఆయనతో అన్నాడు. ఆర్థర్ మధ్యలో మాట్లాడకుండా వినేవాడు.

రెండోవారంలో మలంచాలో చెన్నకేశవరావు పాత ఇనుము దుకాణంలో ఇరుసు కనబడింది. రెండంగుళాల చదరపు కడ్డీ, బేరింగులు బాగున్నాయి, వెడల్పు సరిగ్గా యాభై రెండు. రెండోసారి కొలిచాడు. తేడా లేదు.

"ఎవరికీ ఇయ్యకండి, బాబూ. నేనొస్తాను," అని చెప్పి వచ్చేశాడు.

ఆ రోజు టీ తాగుతూ ఆర్థర్ అడిగాడు. "దొరికిందా?"

"నేదు దొరా. ఒకటి సూసినాను గానీ, పొట్టి."

మూడు వారాలు అదే మాట చెప్పాడు. గదికి వెళ్లాక ఆ అబద్ధమే గుర్తొచ్చేది. పొద్దున్నే మళ్లీ చొక్కా తొడుక్కునేవాడు.

ఒక మధ్యాహ్నం వెళ్లేసరికి వరండాలో సన్నటి ఇరుసొకటి ఉంది. ఆర్థర్ సంబరంగా చూపించాడు. "నేనే తెచ్చాను. కొలత సరిగ్గా యాభై రెండు. రేపు వేసేద్దాం."

తవిటయ్య ఒక్క చేత్తో ఎత్తి చూశాడు. అంగుళంపావు కడ్డీ.

"ఇది సోడాబండిది దొరా. వెడల్పు సరే, బరువు మొయ్యదు. దార్లో ఇరిగిపోతాది."

"నెలాఖరుకి క్వార్టరు తాళాలు ఇచ్చెయ్యాలి. విరిగితే విరిగింది."

తవిటయ్య ఇరుసు కింద పెట్టి, మెట్టు మీద కూర్చున్నాడు.

"మంచిది దొరికినాది దొరా. మూడు వారాలయింది. నేనే సెప్పనేదు."

"ఎందుకని?"

"ఏసీస్తే తవరెల్లిపోతారు."

ఆర్థర్ లోపలికి వెళ్లాడు. లేచిపోవాలో, ఉండాలో తవిటయ్యకి తెలియలేదు. చాలాసేపటికి దొర జీపు తాళంచెవితో బయటికొచ్చాడు.

"పద, దుకాణం మూసేలోపల తెద్దాం."

ఆ రోజు టీ లేదు. బిగించడానికి రెండు రోజులు పట్టింది. పనికి కావలసిన మాటలే మాట్లాడుకున్నారు.

బయల్దేరిన రోజున తవిటయ్య ఇరవై మైళ్ల అవతల ఉన్న బెల్దా దాకా జీపులో వెళ్లాడు. కొత్త ఇరుసు కొంత దూరం నడిచాక చక్రాల హబ్బులు వేడెక్కాయేమో చూడాలి. తనని కూడా వెంట రమ్మంటాడేమోనని దారంతా ఎదురుచూశాడు. ఆర్థర్ రోడ్డు మీది చూపు తిప్పలేదు.

బెల్దాలో దిగి రెండు హబ్బుల మీదా అరచెయ్యి ఆనించాడు. చల్లగానే ఉన్నాయి.

"ఐదువందల మైళ్లకోసారి గ్రీజు పెట్టించండి."

"పెట్టిస్తాను." ఆర్థర్ చెయ్యి చాచాడు. తవిటయ్య చెయ్యి తుడుచుకోబోతే ఆగకుండా అలాగే పట్టుకున్నాడు. "ఇరుసు సంగతి నువ్వు ముందే చెప్పినా ఇంకో నాలుగు రోజులు ఉండేవాణ్ణి, మిస్త్రీ."

బండి సముద్రం వైపు దీఘా రోడ్డెక్కి కనుమరుగైంది. తవిటయ్య స్టేషనుకి నడిచి టిక్కెట్టు తీసుకున్నాడు. ప్యాసింజరు రెండు గంటలు ఆలస్యం. వచ్చిన రైల్లో కూర్చోడానికి చోటు లేదు. ఖరగ్‌పూర్ దాకా తలుపు దగ్గరే నిలబడ్డాడు.