ఈ ఏడు ఎవరికీ చెప్పలేదు

ఫ్యాను రెక్కల అంచున దుమ్ము గోటి కింది మట్టిలా నల్లగా పేరుకుంది. ఎండలు ముదిరి నలభై రోజులైంది. ఏటా ఈపాటికి ఆమె రగ్గులు ఉతికి అటకెక్కించి, కర్టెన్లు మార్చి, కూలర్ కడిగి, ఫ్యాన్లు తుడిచి, నడుం పట్టేసి రెండు రోజులు గోడ పట్టుకుని తిరిగేది. ఈసారి ఏదీ చెయ్యలేదు. చెయ్యమని ఎవరికీ చెప్పనూ లేదు.

కిందటేడు నిచ్చెన మీంచి జారి ఆమె మోకాలు చెక్కుకుపోయినప్పుడు భర్త నిజంగానే నొచ్చుకున్నాడు. "ఒక్క మాట చెబితే నేను చెయ్యనా? నోరు తెరిచి అడగవు, తర్వాత మొహం ముడుచుకుంటావు." ఆ మాట ఏడాదంతా ఆమెలో నలిగింది. అడగాలంటే ముందు చూడాలి. ఏ రగ్గు ఎప్పుడు ఎండలో వెయ్యాలో, ఏ కర్టెన్ రంగు దిగుతుందో గుర్తుంచుకోవాలి. ఆయన తీరిక చూసి, చిరాకు చూసి, గొంతులో విసుగు లేకుండా చెప్పాలి. చేశాక మెచ్చుకోవాలి. ఇంతా అయ్యాక మిగిలేది గుడ్డ తడిపి తుడవడమేగా! ఆసుపత్రి ల్యాబులో ఆమె రోజంతా మైక్రోస్కోపులో రక్తకణాలు చూస్తుంది. అక్కడ చూడటాన్ని పని అంటారు.

అందుకే, ఇంట్లో ఒక్కరైనా తమంతట తాము తలెత్తి చూసేదాకా ఆగుదామనుకుంది. ఒక్కరు చాలు.

ఆయన తుమ్మాడు, గాలి మారిందన్నాడు. రగ్గును కాలితో పక్కకి తన్ని పడుకున్నాడు. అత్తగారు చూసింది కానీ, ఆవిడ చూపు ఫ్యాను దగ్గర ఆగకుండా కోడలి మీదికే దిగింది. "ఉద్యోగం చేసే చేతులు కదా, దుమ్మంటుకుంటే ఎలా పాపం" అని పక్కింటావిడతో నవ్వుతూ అంది, ఈమెకు వినపడేంత దూరంలోనే. అది లెక్కలోకి రాదనుకుంది ఆమె. పంతం మాత్రం ఆమెనే తినసాగింది. తుడిస్తే పది నిమిషాలు. తుడవకుండా ఉండటానికి రోజంతా పట్టేది.

ఆదివారం స్నానం చేసి వచ్చేసరికి మంచం మీద స్టూలు, స్టూలు మీద పదకొండేళ్ల కూతురు మునివేళ్ల మీద నిలబడి ఉంది. ఒక రెక్క తెల్లగా మెరుస్తోంది. ఆయన స్టూలు పట్టుకుని మురిసిపోతున్నాడు.

"చూశావా నీ కూతుర్ని? ఎవరూ చెప్పకుండానే ఎక్కేసింది. అన్నీ నీ పోలికలే."

ఆమె గబగబా మంచం దగ్గరికి వచ్చింది. "దిగు తల్లీ" అంది.

"ఇంకో రెండు రెక్కలేనమ్మా. నీకు నడుం నొప్పని చెయ్యట్లేదు కదా. నేను రోజూ చూస్తూనే ఉన్నా."

నలభై రోజులుగా ఆమె ఎదురుచూసిన ఆ ఒక్కరూ వచ్చేశారు.

పిల్లను దించి, గుడ్డ తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన కూనిరాగం తీస్తూ మిగతా రెండు రెక్కలూ తుడిచాడు, శుభ్రంగానే. అంతటితో ఆయనకు పని అయిపోయింది.

మధ్యాహ్నం కూతురు ఆమె పక్కనే బోర్లా పడుకుని పుస్తకం తిరగేస్తోంది. ఉన్నట్టుండి కళ్లెత్తి గది మూలల్ని ఒక్కొక్కటిగా చూడటం మొదలెట్టింది, తొందర లేకుండా, ఏదీ వదలకుండా.

"అమ్మా, ఆ మూల బూజు చూశావా?"

"లేదు" అందామె. "నువ్వూ చూడకు. చదువుకో."

పిల్ల అప్పటికే బూజుకర్ర కోసం లేచింది.