ఒక్కరికే పంపిన వీడియో

ఆన్‌లైన్‌లో ఉద్యోగం వెతకడంలో నీలవేణిని మించినవాళ్ళు లేరని ఖరగ్‌పూర్ రైల్వే ట్రాఫిక్ కాలనీలో అందరికీ నమ్మకం. ఎవరి పిల్లలకైనా ఫలానా కంపెనీలో ఖాళీలున్నాయని మెసేజ్ వస్తే, ముందు ఆమెకి చూపించేవారు. ఆ కంపెనీకి నిజంగా ఆఫీసుందా, మెయిల్ కంపెనీ నుంచే వచ్చిందా, లేక ఎవరో సొంత ఖాతాలోంచి పంపారా అని ఆమె ఓపిగ్గా చూసి చెప్పేది. ఇంటర్వ్యూ కాకముందే ఆధార్ కాపీ అడిగేవాళ్ళని నమ్మొద్దనేది. తన ఖాతాలన్నీ ముఖపరిచయం ఉన్నవాళ్ళకి తప్ప కనబడకుండా పెట్టుకుంది. ముక్కూమొహం తెలియనివాళ్ళు పలకరిస్తే జవాబే ఇవ్వదు.

"మా పిల్లని ఎవుడూ మోసం సెయ్యనేడు," అని తండ్రి వెంకటరావు వర్క్‌షాప్‌లో తోటి ఫిట్టర్లతో గొప్పగా చెప్పుకునేవాడు. ఆయన తాత శ్రీకాకుళం వైపు నుంచి ఈ ఖరగ్‌పూర్ వచ్చి అదే వర్క్‌షాప్‌లో చేరాడు. రైల్వేలో కాకుండా బయట ఆఫీసు ఉద్యోగం కోసం ప్రయత్నిస్తున్నది ఆ ఇంట్లో నీలవేణే మొదలు.

ఆమెకి అన్నీ చెప్పుకునే స్నేహితురాలు ఒక్కతే ఉంది. శ్రీవిద్య. తెలుగు స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నారు, కాలేజీకి ఒకే సైకిల్ మీద వెళ్ళారు. శ్రీవిద్య తండ్రి కామేశం రైల్వే ఆఫీసులో పనిచేస్తాడు. కాలనీ పక్కనే సుభాష్‌పల్లిలో సొంత ఇల్లు, నిండా పుస్తకాలు, గోడ మీద వీణ. ఆ ఇంట్లో అందరూ అచ్చమైన తెలుగు మాట్లాడతారు. నీలవేణి నోట "ఏటి" అని వస్తే శ్రీవిద్య నవ్వేది గానీ ఆ నవ్వులో నొప్పించేదేదీ ఉండేది కాదు. అప్పట్లో నీలవేణికి అలాగే అనిపించేది.

ఆ ఏడాది వానలు మొదలయ్యే రోజుల్లో కలకత్తాలో ఒక ఆఫీసుకి తెలుగు, బెంగాలీ, హిందీ మూడూ వచ్చినవాళ్ళు కావాలని ప్రకటన కనబడింది. ఆన్‌లైన్‌లో సరుకు కొన్నవాళ్ళు ఫోన్ చేస్తే వాళ్ళ భాషలోనే జవాబు చెప్పాలి. నీలవేణికి ఆ మూడింటితో పాటు ఒరియా కూడా వచ్చు. చిన్నప్పటి నుంచి వీధిలో ఆడుకుంటూ నేర్చుకున్నవే అన్నీ. కంపెనీ అసలుదో కాదో రెండు మూడు చోట్ల చూసుకుని దరఖాస్తు పెట్టింది. వారం తిరక్కుండానే వీడియోలో ఇంటర్వ్యూ చేశారు.

ఇంటర్వ్యూ చేసినావిడ పేరు ఏంజెలా. పెద్దావిడ. ప్రశ్న సగంలో ఆపి, నోరు తెరిచి ఊపిరి లాగి, మిగతా సగం అడిగేది. ప్రతి మాట చివరా "ఓకే, డియర్?" అనేది. నీలవేణి బెదరకుండా జవాబులు చెప్పింది. ఫోన్ పెట్టేశాక బిగబట్టిన భయమంతా ఒక్కసారి వదిలింది. ఆ ఊపులో దుపట్టా తలకి చుట్టుకుని, ఆవిడలా కళ్ళు పెద్దవి చేసి, ఊపిరి లాగుతూ, "నువ్వు కోపంగా ఉన్న కస్టమర్‌తో... హా... ఎలా మాట్లాడతావు, ఓకే, డియర్?" అంటూ ఒక చిన్న వీడియో తీసింది. అనుకరించడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు. స్కూల్లో హెడ్మాస్టర్ని అచ్చు దించితే శ్రీవిద్య కడుపు పట్టుకుని నవ్వేది. ఒక్కసారి చూడగానే మాయమయ్యేలా పెట్టి శ్రీవిద్యకి పంపింది.

కాసేపటికి శ్రీవిద్య నుంచి కబురు. నెట్ సరిగా రాలేదు, మధ్యలోనే ఆగిపోయింది, ఈసారి మామూలుగా పంపు, మళ్ళీ మళ్ళీ చూసి నవ్వుకుంటాను అని. నీలవేణి మామూలుగానే పంపింది. తర్వాత తన ఫోన్‌లోంచి తీసేసింది.

ఆ తర్వాత శ్రీవిద్య రోజూ సాయంత్రం వచ్చేది. ఏం అడిగారు, నువ్వేం చెప్పావు, కోపంగా ఉన్న కస్టమర్ ప్రశ్నకి ఏ జవాబు చెబితే ఆవిడ తలూపింది, రెండో ఇంటర్వ్యూలో ఏమేం అడుగుతారట అని అన్నీ వివరంగా అడిగేది. తన సంతోషంలో ఇంతగా పాలుపంచుకునే మనిషి ఇంకెవరున్నారని నీలవేణి మురిసిపోయి ఒక్క ముక్క దాచకుండా చెప్పింది. రెండో ఇంటర్వ్యూ కూడా బాగా జరిగింది. తీసుకుంటున్నామని ఏంజెలా నోటిమాటగా చెప్పింది. ఉత్తర్వు చేతికొచ్చేదాకా ఎవరికీ చెప్పొద్దని నీలవేణి అమ్మానాన్నల దగ్గర మాట తీసుకుంది. తను మాత్రం శ్రీవిద్యకి చెప్పింది.

ఉత్తర్వు రాలేదు. గోల్ బజార్‌లో కూరగాయలు బేరమాడుతుండగా ఏంజెలా ఫోన్ చేసింది. నీలవేణి సంచీ కింద పెట్టి, మూసి ఉన్న ఒక కొట్టు అరుగు మీదికి జరిగింది.

ఆవిడ కేకలు వేయలేదు. పేరు లేని మెయిల్లో తనకొక వీడియో వచ్చిందని హిందీలో చెప్పింది. అందులో ఉన్నది నీలవేణేనా అని అడిగింది. నీలవేణి అవునంది. కాదనడానికి లేదు, మొహం ఉంది కదా అందులో. ఆవిడ కొంచెంసేపు ఆగింది. ఆ ఆగడంలో ఆ ఊపిరి వినబడింది. తనకి ఆస్తమా అనీ, మాట్లాడటం కష్టమవుతున్నా ఈ ఉద్యోగం చేసుకుంటున్నాననీ, ఫోన్లో గొంతు తప్ప మరేమీ తెలియని కస్టమర్లని నీలవేణి చేతిలో పెట్టలేననీ చెప్పి పెట్టేసింది. ఈసారి "ఓకే, డియర్" అనలేదు.

నీలవేణికి ఉద్యోగం పోయిందన్న సంగతి వెంటనే బుర్రకెక్కలేదు. జబ్బుమనిషిని వెక్కిరించానన్నదే ఎక్కింది. సంచీ అక్కడే మరిచి కొంతదూరం నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి తీసుకుంది.

తిన్నగా సుభాష్‌పల్లి వెళ్ళింది. సంగతి వినగానే శ్రీవిద్య ఆమెని కావలించుకుని ఏడ్చింది. తన ఫోన్‌ని ఎవరో హ్యాక్ చేసి ఉంటారని, ఈమధ్య ఏవో తెలియని లింకులు కూడా వస్తున్నాయని చెప్పింది. నీలవేణి నమ్మింది. నమ్మడమే కాదు, అక్కడే మంచం మీద కూర్చుని శ్రీవిద్య ఖాతాలన్నిటికీ కొత్త పాస్‌వర్డ్‌లు పెట్టించి, ఫోన్‌కి కోడ్ వచ్చే రెండో తాళం కూడా వేయించి, ఇకమీదట జాగ్రత్తగా ఉండమని చెప్పి మరీ వచ్చింది. శ్రీవిద్య తల్లి సరోజాదేవి ఇద్దరికీ కాఫీ ఇచ్చింది.

ఇంట్లో మాత్రం ఆ ఉద్యోగం వేరేవాళ్ళకి ఇచ్చారని చెప్పి ఊరుకుంది.

కొన్నాళ్ళకి కాలనీ తెలుగువాళ్ళ గ్రూపులో కామేశం ఒక ఫోటో పెట్టాడు. శ్రీవిద్య కొత్త చీర కట్టుకుని, చేతిలో కాగితం పట్టుకుని నవ్వుతోంది. మా అమ్మాయికి కలకత్తాలో ఉద్యోగం వచ్చింది, మీ అందరి ఆశీస్సులు కావాలి అని కింద రాశాడు. కాగితం మీద అదే కంపెనీ పేరు స్పష్టంగా చదవొచ్చు.

తల్లి దాలమ్మ ఆ ఫోటో చూసి సంతోషపడింది. "నీకు రాపోతే ఏటి, నీ నేస్తానికే వచ్చింది కదా. నువ్వే నేర్పించుంటావు," అంది.

నీలవేణి చెప్పులేసుకుంది.

శ్రీవిద్య మేడ మీద బట్టలు తీస్తోంది. నీలవేణిని చూడగానే ఒక దుప్పటి చేతిలోకి తీసుకుని మడత పెట్టడం మొదలుపెట్టింది. పెట్టిన మడతే విప్పి మళ్ళీ పెట్టింది.

"నువ్వెప్పుడు దరఖాస్తు పెట్టినావు?" అని అడిగింది నీలవేణి.

"నువ్వు పెట్టిన మర్నాడు."

"నాతో సెప్పనేదు."

"చెబితే నువ్వు నాకు ఇవన్నీ చెప్పేదానివా?"

"ఆ వీడియో మళ్ళీ పంపమన్నది అందుకేనా?"

శ్రీవిద్య దుప్పటి పిట్టగోడ మీద పెట్టింది. "అప్పుడు కాదు. నిజంగా నవ్వుకోడానికే అడిగాను. నన్ను రెండో ఇంటర్వ్యూకి పిలిచారు, అదీ బాగానే చేశాననుకున్నాను. నువ్వు చెప్పిన జవాబులే చెప్పాను. అయినా నిన్నే తీసుకున్నారు." ఆమె దుప్పటి మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "రోజూ భోజనం దగ్గర మా నాన్న ఏమంటారో నీకు తెలీదు నీలూ. వర్క్‌షాప్ వెంకటరావు కూతురికి ఉద్యోగం వచ్చేలా ఉందట, ఇంత చదివించినా మనదానికి రాలేదు అని. నీ పేరు వినకుండా నాకు ముద్ద దిగలేదు. నీకు నాలుగు భాషలు నోట్లో ఆడతాయి, ఎక్కడైనా వస్తుంది. నాకు ఇదొక్కటే దగ్గరకొచ్చింది."

"అదే నాతో సెప్పుంటే నేనే తప్పుకుందును."

"తప్పుకునేదానివా?"

నీలవేణి ఆలోచించింది. తప్పుకునేదేమో, లేదేమో, ఆమెకే తెలియలేదు. "ఆవిడికి ఆస్తమా అంట," అంది చివరికి.

"నాకేం తెలుసు? నీకే తెలీలేదు కదా."

నీలవేణి వెనక్కి తిరిగింది. పాస్‌వర్డ్‌లు మారుస్తున్నంతసేపూ తన భుజం మీద తల ఆనించుకుని కూర్చున్న మనిషి ఈవిడేనా అనుకుంటూ మెట్లు దిగింది. కింద సరోజాదేవి లడ్డూల పళ్ళెం పట్టుకుని ఎదురొచ్చింది. తీసుకోకపోతే బాగుండదని ఒకటి తీసుకుంది. వీధి మలుపులో కుక్కకి పెట్టింది.

ఇంటికొచ్చాక అమ్మానాన్నలకి అంతా చెప్పేసింది. వెంకటరావు చొక్కా వేసుకుని కామేశం ఇంటికి బయల్దేరబోయాడు. గొడవైతే ఆ వీడియో ఊరంతా చూస్తుందని నీలవేణి బతిమాలి ఆపింది. ఆయన చొక్కా విప్పలేదు, బయటికీ వెళ్ళలేదు. చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చున్నాడు.

నీలవేణి ఫోన్‌లో శ్రీవిద్య పంపిన వాయిస్ మెసేజ్‌లు బోలెడున్నాయి. తండ్రి పొగరు గురించి, తల్లి పిరికితనం గురించి, చుట్టాల గురించి ఏడుస్తూ తిడుతూ పంపినవి. మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాటిలో ఒకటి ఎంచుకుని కాలనీ గ్రూపు పేరు మీద వేలు పెట్టింది. ఇంకొక్కసారి నొక్కితే వెళ్ళిపోతుంది. ఆ గ్రూపులో కామేశం ఉన్నాడు. కూతురి నోటితో తన గురించిన మాటలు వింటూ ఆ పెద్దమనిషి కంచం ముందు ఎలా కూర్చుంటాడో కళ్ళకి కట్టినట్టు కనబడింది. ఏంజెలా కూడా ఆ వీడియో తెరిచినప్పుడు అలాగే కూర్చుని ఉంటుంది. నీలవేణి వేలు తీసేసింది. కానీ మెసేజ్‌లు మాత్రం చెరపలేదు. అంత మంచితనం ఆమెకి ఆరోజు లేదు.

ఏంజెలాకి క్షమించమని రాసింది. వీడియో ఎవరు పంపారో అందులో రాయలేదు. రాయాలని చాలాసార్లు అనిపించింది. రాస్తే, ఉద్యోగం కోసం స్నేహితురాలిని పట్టించినట్టు ఉంటుందని మానేసింది. ఆవిడ రెండు వాక్యాల జవాబిచ్చింది. మన్నించాననీ, ఆ ఉద్యోగం విషయంలో మాత్రం ఇక చేసేదేమీ లేదనీ.

శ్రీవిద్య కలకత్తా వెళ్ళిపోయింది. నీలవేణి మళ్ళీ మొదటి నుంచి వెతకడం మొదలుపెట్టింది. ఇంటర్వ్యూ అయితే ఎవరికీ ఏమీ పంపేది కాదు. బాగా జరిగినా బాగా జరగకపోయినా ఫోన్ బల్ల మీద బోర్లించి కాసేపు ఊరికే కూర్చునేది. దుర్గాపూజ సెలవులయ్యాక ఊళ్ళోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రిసెప్షన్‌లో పని దొరికింది. పక్క పేట నిమ్‌పురా నుంచి వచ్చే తెలుగు ముసలమ్మలు తమ నొప్పులు తమ మాటల్లోనే చెప్పుకోగలుగుతున్నారని డాక్టర్లు సంతోషించారు. ఆయాసంతో వచ్చినవాళ్ళు మాట మధ్యలో ఆగితే, ఆమె తొందరపెట్టకుండా ఆగేది.

దాలమ్మ ఆ ఉద్యోగం సంగతి కాలనీ అంతా చెప్పింది. అది సుభాష్‌పల్లి మీదుగా కలకత్తాకి చేరినట్టుంది. ఒకరోజు భోజనాల వేళ శ్రీవిద్య నుంచి మెసేజ్ వచ్చింది. "కంగ్రాట్స్ నీలూ. చాలా సంతోషంగా ఉంది. ఒక్కసారి మాట్లాడవే."

నీలవేణి అది రెండుసార్లు చదివింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఇద్దరి మధ్యా ఒసే, ఏమే అనడమే తప్ప మన్ననలెప్పుడూ లేవు. తిట్టాలనిపించింది. తిడితే ఇంకా స్నేహం ఉన్నట్టే అవుతుందనిపించింది. కౌంటర్ దగ్గరికి ఎవరో పేషెంట్ వచ్చి నిలబడ్డారు. ఆమె "థాంక్స్ అండి" అని రాసి పంపి, ఫోన్ సొరుగులో పెట్టి లేచింది.