మోత ఆపి వినవయ్యా

ఆ నూలుమిల్లులో ఏడాదికొక్కమారు వైద్యపరీక్ష అనే తంతు జరిగేది. కంపెనీ డాక్టరు హాలు నడుమ కుర్చీ వేయించుకుని ఆసీనుడయ్యేవాడు. నలువైపులా మరలు ప్రళయఘోష చేస్తుంటే, పనిపిల్లల చొక్కాల మీదనే స్టెతస్కోపు ఆనించి, చేతి గడియారం చూసుకుంటూ, కాగితం మీద ‘ఫిట్’ అని ముద్ర గుద్దేవాడు. చెంతనున్న మనిషి గొంతు చించుకున్నా వినబడని ఆ మోతలో ఆయనకు మాత్రం గుండెలు వినబడేవి! ఎంతటి దివ్యశ్రవణం!

ఆ రోజు పిచ్చుక వంతు వచ్చింది. పదిహేడేళ్ల పిల్ల. చిన్ననాడు గొంతునొప్పి, దాని వెంట కీళ్లవాపు వచ్చి పోయాయి. పోయాయనే అంతా అనుకున్నారు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఆయాసం. వెల్లకిలా పడుకుంటే ఊపిరాడదు. అదే హాల్లో తెగిన పోగులతికే అక్క, మొన్నటిదాకా ఒళ్లొంగని మొద్దువని చెల్లెల్ని తిట్టిపోసింది. చివరికి వీధిలో ఉండే నర్సమ్మ పరీక్షించి, "గుండె కవాటం పాడైనట్టుందే. పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. ఆలస్యం చేస్తే పిల్ల దక్కదు" అంది. నాటినుంచి తాను తిట్టిన ఆ తిట్టు అక్క గొంతులోనే ముల్లై కూర్చుంది. పెద్దాసుపత్రిలో చేర్చుకోవాలంటే కంపెనీ డాక్టరు చీటీ ఉండాలి.

ముద్ర పడింది. ‘ఫిట్’. పిచ్చుక లేచి రెండడుగులు వేసి కుప్పకూలింది.

కుర్చీ పక్కనే నిలబడ్డ మేనేజరు డాక్టరు వైపు వంగి ఏదో అన్నాడు. యంత్రాల హోరు తన మాటకు తెర అనుకున్నాడు ఆ మేధావి. ఏళ్లతరబడి ఆ మోతలో బతికినవాళ్లకు పెదవి కదిలితే చాలని ఆయనకు ఎవరు చెప్పాలి? అరవై జతల కళ్లు ఆ మాటను పొల్లుపోకుండా విన్నాయి: "ఉండనీండి. దీనికి చీటీ ఇస్తే రేపు పదిమంది గుండెలు పట్టుకుని వస్తారు. పోతే ఇంకొకత్తె దొరుకుతుంది."

అక్క పిడికిలి పైకెత్తి బిగించింది. ఆ హాల్లో దానికి ఒకటే అర్థం: మర ఆపు.

ఎదుటి వరుసలోని ముసలి మామ పెదవులు కదిపాడు. "పిచ్చా నీకు? అందర్నీ గేటు బయటికి గెంటుతారే!"

"గెంటనీ మామా. తరవాతి వంతు నీ మనవరాలిదే. దానికీ ముద్రేగా!"

మామ వంతు కోసం నిలబడ్డ మనవరాలిని చూశాడు. పిమ్మట పిడికిలెత్తాడు. అది వరుస నుంచి వరుసకు పాకింది. మరలు ఒక్కొక్కటే ఆగాయి.

"ఏయ్! ఎవరాపమన్నారు?" ఆ నిశ్శబ్దంలో మేనేజరు అరుపు పిల్లికూతలా తేలింది.

"డాక్టరుగారికి వినబడట్లేదని మేమే ఆపాం," అంది అక్క. "ఇప్పుడు వినవయ్యా."

"ఇందాకే విన్నానమ్మా..."

"ఏం విన్నావు, నా మరనా? అది బాగానే ఉందిలే, నిన్ననే నూనె పోశాను."

హాలంతా నవ్వింది. డాక్టరు మోకాళ్ల మీద కూర్చుని పిచ్చుక గుండెను విన్నాడు. మరొకసారి విన్నాడు. మొహం పాలిపోయింది.

"చప్పుడు తేడాగా ఉంది," అని గొణిగాడు.

"ఆ మాటే రాయి."

డాక్టరు మేనేజరును చూసి భయపడ్డాడు, చుట్టూ మూగిన అరవైమందిని చూసి మరింత భయపడ్డాడు, రాశాడు. అంతరాత్మ మేల్కొని కాదు, భయం దిక్కు మారి. అయినా చీటీ చీటీయే. ఇద్దరు ఆడవాళ్లు పిచ్చుకను చేతుల మీద మోసుకుని, బండెక్కించి, పెద్దాసుపత్రికి తీసుకుపోయారు.

"ఇక నా మనవరాల్ని విను బాబూ," అంటూ మామ పిల్లను ముందుకు నెట్టాడు. అతని వెనక మిగతావాళ్లూ వరుస కట్టారు.

మేనేజరు పిలిపించిన పోలీసులు అక్క రెక్క పట్టుకుని వ్యానెక్కించారు. కిటికీ చువ్వల సందు నుంచి పిడికిలి ఒకటి బయటికి వచ్చింది. బిగిసే ఉంది.

లోపల మేనేజరు గొంతు పోయేలా అరిచాడు. ఎవరూ కదలలేదు. వీళ్లు లేకపోతే పని జరగదా అని ఒక మరను తానే తిప్పాడు. అది రెండు నిమిషాలు తిరిగింది. పోగులు ఒక్కొక్కటే తెగి, గాలిలో వేలాడాయి. తెగిన పోగును అతకడం ఆయనకు రాదు. అతకడం వచ్చినవాళ్లంతా చేతులు కట్టుకుని చూస్తున్నారు.