చలి లోడయిన పూట

చల్లగా ఉండాల్సిన సరుకు తోలే కంపెనీ అది. ఆఫీసులో కంప్యూటరు పని చూసే ఆమెను అందరూ వదినమ్మ అనే పిలుస్తారు, ఆమె మరిది అక్కడే డ్రైవరు కాబట్టి. బండ్లు తిరిగినంతసేపూ పెట్టెల్లోని పరికరాలు తమ కబుర్లు బ్లాక్‌చెయిన్‌లో రాస్తూంటాయి. బండి ఎక్కడుందో, లోపల చల్లదనం ఎంతో, అన్నీ ఒక్కో బ్లాకుగా గొలుసు కడతాయి. ఒకసారి గొలుసులో పడ్డదాన్ని తలకిందులుగా తపస్సు చేసినా దిద్దలేరు.

పొద్దున్నే వదినమ్మ నల్ల తెర మీద కమాండ్ టైపు చేసి, ఏ బ్లాకు నుంచి ఏ బ్లాకు దాకా కావాలో నంబర్లిచ్చి ఎంటర్ కొడుతుంది. టూల్ ఒక్కో బ్లాకునూ విప్పి డేటాబేస్‌లో పట్టికగా సర్దుతుంది. విప్పినప్పుడల్లా ఆ బ్లాకు పుట్టిన పెట్టెలోని గాలి గదిలోకి వస్తుంది. అందుకే ప్రతి కుర్చీకీ ఒక స్వెటరు వేలాడుతూంటుంది.

ఆ రోజు మరిది గుమ్మం దగ్గర తల వంచుకుని నిలబడ్డాడు. ముందురోజు కొండదారిలో బండరాళ్ళు పడి అతని బండి పగలంతా ఇరుక్కుపోయింది. అక్కడే పెట్టెలోని థర్మామీటరు వైరు తెగింది. ఆ తర్వాతి బ్లాకుల్లో చల్లదనం అంకె లేదు.

"డీజిలు మిగులుతుందని చల్లబరిచే మిషను ఆపేశావు, అంతేగా?" అన్నాడు మేనేజరు. "చంటిపిల్లల మందయ్యా అది! వేడి తగిలితే పారబొయ్యాల్సిందే. ఆస్పత్రివాళ్ళు ఫోను మీద ఫోను. ఇక నిన్ను బండెక్కనివ్వను."

"ఆపలేదు సార్."

"అందరూ అదే అంటారు."

వదినమ్మ కుర్చీ ఇటు తిప్పింది. "ఆ బ్లాకులు ఇంకా లోడ్ చెయ్యలేదు సార్. చేస్తే గాలే చెబుతుంది కదా."

"చెయ్యండి. కానీ ఇంటి మనిషి వ్యవహారం. ఆఖరి బ్లాకు దాకా నేనిక్కడే కూర్చుంటాను."

"కూర్చోండి."

తొందరలో ఒక అంకె తప్పు కొట్టింది. గదంతా గుప్పున నీచు వాసన.

"మందులతోపాటు చేపలు కూడా తోలావా?" మేనేజరు ముక్కు మూసుకున్నాడు.

"వేరే బండి సార్, నంబరు తప్పింది," అంటూ ఆపేసింది. ఎవరో లేచి కిటికీలన్నీ తెరిచారు.

నంబరు దిద్ది మళ్ళీ ఎంటర్ కొట్టింది. వెచ్చటి గాలి ముఖానికి తగిలింది. మరిది ముఖం పాలిపోయింది.

"ఇంకేం చూడాలి?" మేనేజరు లేచాడు.

వదినమ్మ తెర మీది చివరి వరుస చదివింది, మళ్ళీ చదివింది. "ఆగండి సార్! డేటాబేస్‌తో కనెక్షనే కుదరలేదు. ఒక్క బ్లాకూ లోడవలేదు. ఇది మన వీధి ఎండ!"

కిటికీలు మూశారు. ఆమె కనెక్షను సరిచేసి, ఊపిరి బిగబట్టి మళ్ళీ నడిపింది.

చలి మొదట కాళ్ళకు తగిలింది. తర్వాత మోకాళ్ళు, మెడ. పట్టికలో చల్లదనం గడులు ఖాళీగానే వస్తున్నాయి, మంచినీళ్ళ గ్లాసు మీద మాత్రం మంచు పొగ కమ్ముతోంది. మేనేజరు స్వెటరు తొడుక్కుని, పక్కవాడిది కూడా లాక్కున్నాడు.

"చాలమ్మా, నమ్మాను, ఆపండి!"

"ఆఖరి బ్లాకు దాకా అన్నారుగా సార్," అంది వదినమ్మ, తెర మీంచి చూపు తిప్పకుండానే.

ఆఖరి బ్లాకు దాకా ఒకటే చలి. టూల్ ఆగేసరికి మేనేజరు పళ్ళు టకటకలాడుతున్నాయి. అలాగే ఆస్పత్రికి ఫోను చేశాడు. "మం...మందు బాగుంది. పంపిస్తున్నాం." బండి తాళాలు జేబులోంచి తీసి మరిది చేతిలో పెట్టాడు. "నేనే తొందరపడ్డాను. నువ్వే తీసుకెళ్ళు."

మరిది తాళాలు పట్టుకుని గోడకు ఆనుకుని అలాగే కూలబడ్డాడు.

"లేవయ్యా, అక్కడ పిల్లలు ఎదురుచూస్తున్నారు. ఏడుస్తూ కూర్చుంటావా?" అంది వదినమ్మ.

"ఏడవట్లేదు వదినా. చలికి ముక్కు కారుతోంది."

ఆమె కళ్ళు కూడా చలికే కారుతున్నాయి. నవ్వుతూ తుడుచుకుంది. కింద బండి స్టార్టయిన చప్పుడు వినిపించాక గానీ ఆమె కుర్చీలో వెనక్కి వాలలేదు.