మైకులో చదివిన చీటీ

శివలీలకు చర్చి వాళ్లంటే ఒళ్లు మంట. దేవుడి మీద కాదు, ఆమెకు ఏ దేవుడితోనూ పేచీ లేదు. ఊళ్లో ఉన్నప్పుడు సుంకులమ్మకు కోడిని కోసేది, పీర్ల పండగకు చక్కెర చదివించేది. మంటంతా వాకిలి తట్టే మనుషుల మీదే. ఆలూరు అవతలి పల్లె నుంచి వచ్చి, కర్నూలు పక్కన కల్లూరులో బాడుగింట్లో కాపురం పెట్టిన మూడేళ్లలో ఆమె నేర్చుకున్నది ఒకటే. వాకిలి తట్టినవాళ్లు ఊరికే పోరు.

వీధి మొదట్లో రేకుల షెడ్డుగా మొదలైన చర్చి రెండేళ్లు తిరక్కుండానే స్లాబు వేసుకుంది. మిద్దె మీద నాలుగు దిక్కులకూ నాలుగు లౌడ్‌స్పీకర్లు కట్టుకుంది. చుట్టుపక్కల కుటుంబాలను ఎట్లా దగ్గరికి తీయాలో పాస్టరు దేవసహాయం ఎక్కడో మూడు రోజుల తరగతులకు పోయి మరీ నేర్చుకొచ్చాడట. నేర్చుకొచ్చినవాడు ఊరుకుంటాడా? ఎండాకాలం వీధిలో చల్లనీళ్ల క్యాను పెట్టించాడు. బీపీ, షుగరు చూసే శిబిరం పెట్టించాడు. సాయంత్రం పూట పిల్లలకు ఉచితంగా ట్యూషను, అది అయ్యాక తలా ఒక ప్లేటు ఉగ్గాని. ఇవి చాలవన్నట్టు శనివారం శనివారం ఆయన భార్య సుగుణమ్మ ఇంటింటికీ రావడం, "మీ ఇంట్లో ఏం కష్టముండాదమ్మా, ప్రార్థన చేస్తాం" అనడం. కష్టాలేమన్నా వంకాయలా, అడిగినవాళ్ల సంచిలో ఏరి వేయడానికి?

"మా ఇంట్లో ఏ కష్టమూ లేదు. పక్కింట్లో అడుగు పో తల్లీ," అని శివలీల మూడు శనివారాలు మొహం మీదే తలుపు వేసింది. సుగుణమ్మ నాలుగో శనివారం మళ్లీ వచ్చింది. సిగ్గూ శరం లేని మనిషి అనుకుంది శివలీల.

కష్టం లేకేం, కొండంత ఉంది. మొగుడు పరమేష్ లారీ డ్రైవరు. ఎనిమిది నెలల కిందట ఆత్మకూరుకు సిమెంటు లోడు వేసుకొని పోయాడు. లారీ వెనక్కి వచ్చింది గానీ మనిషి రాలేదు. అక్కడ ఇంకో ఆమెతో ఉంటున్నాడని క్లీనరు వచ్చి చెప్పిపోయాడు. శివలీల ఆ రోజు ఏడవలేదు. ఏడిస్తే పదకొండేళ్ల కూతురు యామిని ఎందుకని అడుగుతుంది. ఆ పిల్లకు నాన్నంటే ప్రాణం. లారీ హారన్ వినపడితే చాలు, తింటున్న కంచం వదిలేసి వీధిలోకి పరిగెత్తేది. తండ్రి తనను వద్దనుకొని పోయాడని తెలిస్తే పిల్ల ఏమైపోతుంది? చదువు ఏమైపోతుంది? అందుకని శివలీల గట్టిగా ఒక నిర్ణయానికొచ్చింది. పిల్ల పదో తరగతి దాటేదాకా ఈ సంగతి దాని చెవిన పడకూడదు.

"మీ నాయన బెంగుళూరులో ఉండాడు. ఆడ దుడ్లు బాగా ఇస్తారంట," అని చెప్పింది. చెప్పిన అబద్ధాన్ని నిలబెట్టుకోవాలంటే మరో పది ఆడాలి. రోజూ సాయంత్రం బొరుగుల బట్టీలో పని ముగించుకొని రాగానే ఫోను చెవి దగ్గర పెట్టుకొనేది. "ఆఁ, తిన్నాం. నువ్వు తిన్న్యావా. యామినీనా? చదువుకుంటాంది, రేపు మాట్లాడిస్తాలే," అని ఉత్త గాలితో కాపురం చేసేది. వీధిలో వాళ్లకూ బెంగుళూరు మాటే. ఎదురింటి చెన్నమ్మకు మాత్రం అనుమానం. ఆమె పేరుకు కిరాణా కొట్టు నడుపుతుంది గానీ, అసలు యాపారం ఊరి సంగతులదే.

పోయిన నెలలో యామినికి జ్వరం వచ్చింది. శివలీల బట్టీ నుంచి వచ్చేసరికి పిల్ల ఒళ్లు కాలిపోతోంది. వాకిట్లో నిలబడి ఎవరిని పిలవాలో తెలియక అటూఇటూ చూస్తుంటే వచ్చింది సుగుణమ్మ. ఏమీ అడగలేదు. పిల్లను భుజాన వేసుకొని షేర్ ఆటో ఎక్కింది. పెద్దాసుపత్రిలో రోజంతా కూర్చుంది, పిల్ల వాంతి చేసుకుంటే కడిగింది, ఇంటికి తిరిగొచ్చాక గంజి కాచింది. ఒక్క ప్రార్థన కూడా పైకి చేయలేదు. అదే శివలీలను పడగొట్టింది. పిల్ల మంచం మీద నిద్రపోతుంటే, ఏడు నెలలుగా గుండెల్లో దాచుకున్నదంతా ఆమె ముందు కక్కేసింది.

"నీ కాళ్లు పట్టుకుంటా అక్కా. ఈ మాట నీ నోట్లోంచి బయటికి రాకూడదు. నా బిడ్డకు తెలియకూడదు."

"నా నోట్లోంచి రాదు చెల్లెలా," అంది సుగుణమ్మ.

ఆ మాట నమ్మింది. నమ్మి పిల్లను ట్యూషనుకు కూడా పంపింది. ఆదివారం ప్రార్థనకు మాత్రం పోగూడదని కట్టడి చేసింది.

ఈ ఆదివారం పొద్దున శివలీల వాకిట్లో బండ మీద గుడ్డలు ఉతుకుతోంది. స్నేహితురాలి ఇంట్లో లెక్కల పుస్తకం తెచ్చుకుంటానని యామిని బయటికి పోయి అరగంటయింది. లౌడ్‌స్పీకర్లలో పాటలు అయిపోయి దేవసహాయం గొంతు మొదలైంది. ఆ గొంతు వారం వారం ఉండేదే గనక శివలీల పట్టించుకోలేదు. తన పేరు వినపడేదాకా పట్టించుకోలేదు.

"మన వీధిలోనే కాపురముంటున్న సహోదరి శివలీల గారి కొరకు మొరపెడుతున్నాము ప్రభువా. ఆమె భర్త పరమేష్ ఆమెను విడిచిపెట్టి, ఆత్మకూరులో మరియొక స్త్రీతో జీవించుచున్నాడు. చిన్నబిడ్డ యామిని తండ్రి కొరకు కన్నీరు విడుచుచున్నది. ఆ తండ్రి మనసు మార్చుము, తిరిగి ఆ ఇంటికి నడిపించుము."

"ఆమెన్," అన్నాయి నలభై గొంతులు.

చేతిలోని చీర జారి బురదలో పడింది. ఎదురుగా చెన్నమ్మ తూకం వేస్తున్న కందిపప్పు అట్లాగే వదిలేసి కొట్టు మెట్లు దిగింది. కుండ మూతికి మూకుడుంది గానీ లోకం మూతికి మూకుడెక్కడిది? శివలీలకు చెన్నమ్మ గుర్తు లేదు, వీధి గుర్తు లేదు. యామిని ఎక్కడున్నా ఈ మాట విని ఉంటుంది. ఒళ్లంతా కోపమే.

కాళ్ల చెప్పులు కూడా విడవకుండా చర్చిలోకి పోయింది. ఒంటి మీది తడిసిన చీర చాపల మీద నీళ్లు కారుస్తోంది. ఆడవాళ్లు కాళ్లు ముడుచుకొని దారి ఇచ్చారు.

"రామ్మా శివలీలా, కూర్చో," అన్నాడు దేవసహాయం మైకు ముందు నుంచి కదలకుండా.

"నేను కూర్చోడానికి రాలే. ఏమప్పా, నీ పెండ్లాం కడుపులో ఒక మాట నిలవదా? యాడికి పోతాండాయి మీ నీతులు?"

ఆ మాట మిద్దె మీది స్పీకర్లలోంచి వీధి వీధంతా వినపడింది. మొగుడి సంగతి అయిపోయింది, ఇప్పుడు పెళ్లాం రచ్చ కూడా నాలుగు దిక్కులకూ పోతోంది. ముందు వరసలోంచి సుగుణమ్మ లేచి, గబగబా పోయి మైకు తీగ లాగేసింది.

"నేను చెప్పలే చెల్లెలా. ప్రమాణంగా నేను చెప్పలే," అంది. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"నువ్వు చెప్పకుంటే ఆయనకు కలొచ్చినాదా? గంజి కాచి పోసింది ఇందుకేనా? ఇంట్లోకి దూరేది, కడుపులోది లాగేది, తెచ్చి ఈడ దండోరా వేసేది. మీకన్నా చెన్నమ్మ మేలు. ఆమె ప్రేమ అని చెప్పి చేయదు."

దేవసహాయం చేతులు జోడించాడు. ఆయనకు నిజంగానే ఏమీ అర్థం కాలేదు. "మేమేం తప్పు చేసినామమ్మా? ట్యూషను పిల్లలకు శనివారం చీటీలు ఇస్తాం. ఎవరి మనవి వాళ్లు రాసి డబ్బాలో వేస్తారు. ఆదివారం పేరు పెట్టి అందరం కలిసి ప్రార్థిస్తాం. మా సంఘంలో ఎవరమూ ఏదీ దాచుకోం. నా కిడ్నీలో రాయి సంగతి, మా అబ్బాయి పరీక్ష తప్పిన సంగతి ఈ మైకులోనే చదివినా. పదిమందీ మొరపెడితేనే గదా భారం దిగేది."

"నీ రాయి నీ ఇష్టం, దాన్ని ఊరేగించుకో. నా సంగతి నీకు రాసిచ్చిందెవరు?"

ఆయన పిల్లలు కూర్చున్న వైపు చూశాడు. అక్కడ, చాప చివర, తల మోకాళ్లలో పెట్టుకొని కూర్చున్న పిల్ల జడ శివలీల పొద్దున తన చేత్తో అల్లిందే.

శివలీల చెయ్యి చాపింది. "ఆ చీటీ ఇయ్యి."

ఇచ్చాడు. నోటుపుస్తకంలోంచి చించిన గీతల కాగితం. శివలీల దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి, సుగుణమ్మ చేతికిచ్చింది. "నాకు చదువు రాదు. నువ్వే చదువు. నాకు మాత్రమే వినపడాల."

సుగుణమ్మ ఆమె పక్కన నిలబడి చెవి దగ్గర చదివింది.

"దేవునికి. మా నాన్న ఆత్మకూరులో ఇంకొక ఆమెతో ఉన్నాడు. మా అమ్మ నాకు తెలీదనుకుంటాంది. రోజూ ఫోను పట్టుకొని మా నాన్నతో మాట్లాడినట్లు మాట్లాడుతాది. ఆ ఫోనులో రీచార్జి లేదు. మా అమ్మకు బట్టీలో పని చేసి శానా అలుపు. వచ్చి మళ్లీ అది కూడా చేయాల. మా నాన్న రాకపోయినా ఏం కాదు. మా అమ్మకు ఆ ఫోను పని తప్పించు."

సుగుణమ్మ ఆగింది.

"ఇంకేముండాది?"

"నాకు తెలుసని మా అమ్మకు చెప్పొద్దు. ఇట్లు యామిని, ఆరో తరగతి, బి సెక్షను."

శివలీలకు నిలువునా సిగ్గేసింది. ఎన్నాళ్ల నుంచో తెలియదు గానీ, తన అబద్ధాన్ని పదకొండేళ్ల పిల్ల రోజూ ఎదురుగా కూర్చొని చూసింది, చూసి నమ్మినట్టు తలూపింది. ఎవరి కోసం ఎవరు నాటకమాడారు? ఆ సిగ్గు పట్టలేక మళ్లీ పాస్టరు మీదికే తిరిగింది.

"ఏమప్పా, దీంట్లో నాయన రావాలని యాడ రాసుండాది?"

దేవసహాయం తడబడ్డాడు. "పసిపిల్ల కదమ్మా. తండ్రి కావాలనే కదా దాని మనసులో..."

"దాని మనసు అది రాసింది. నువ్వు చదివింది నీ మనసు. అది అడిగింది ఒకటి, నువ్వు అడిగింది ఇంకొకటి. అది దేవునికి రాసుకునింది గానీ వీధికి గాదు. చెప్పొద్దని రాసింటే నీకు కండ్లు కనపడలేదా?"

"చివరి మాట చూసినానమ్మా. పిల్లలు అట్లనే రాస్తారులే అనుకున్యా." ఆయన గొంతు తగ్గింది. "తప్పయింది. వచ్చే ఆదివారం మైకులోనే క్షమాపణ చెప్తా."

"మళ్లీ మైకా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే నోరు మూసుకున్నారు. దేవసహాయం తల దించుకున్నాడు. సుగుణమ్మ భర్త వైపు చూడకుండానే, "ఇంక అడక్కుండా ఎవరి పేరూ చదివేది లేదు," అంది.

"మీరేం చేసుకుంటారో మీ ఇష్టం. పోయిన మాట తిరిగొస్తాదా?" అని శివలీల కూతురి చెయ్యి పట్టుకొని లేపింది. సుగుణమ్మ రెండడుగులు వెంట వస్తే, చేత్తోనే వద్దంది.

వీధిలో గడప గడపకీ మనుషులున్నారు. చెన్నమ్మ కొట్టు ముందు నిలబడే ఉంది.

"ఏమే శివలీలా, పరమేషు ఆత్మకూరులో ఉండాడంట? బెంగుళూరంటివే?"

శివలీల చేతిలో యామిని వేళ్లు బిగుసుకున్నాయి. ఇంకో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"ఆత్మకూరులోనే ఉండాడు. నన్ను వదిలేసినాడు. నేను నీకు చెప్పింది అబద్ధం. ఇంకేమన్నా అడగాల్నా?"

చెన్నమ్మ కొట్లోకి పోయి పప్పు తూకం అందుకుంది.

ఇంట్లోకి వచ్చాక శివలీల తలుపు గడియ పెట్టి, గోడకు ఆనుకొని కూలబడింది. యామిని దూరంగా నిలబడింది, దెబ్బలు పడతాయనుకుంటోంది.

"నీకెప్పుడు తెలిసింది?"

"జ్వరమొచ్చిన దినం. నువ్వు సుగుణమ్మకు చెప్తాంటివి. నేను నిద్రపోలే."

"మరి నాకెందుకు చెప్పలే?"

"ఫోనులో మాట్లాడేటప్పుడు నువ్వు నవ్వుతాంటివి. నాకు తెలుసని చెప్తే ఆ నవ్వు కూడా మానేస్తావని."

శివలీల కొంగు నోట్లో కుక్కుకుంది. "రేపు ట్యూషనుకు పోవాల్నా వద్దా?" అని అడిగింది పిల్ల. వద్దని చెప్పాలనే ఉంది శివలీలకు. ఆ గడప తొక్కొద్దని చెప్పాలనే ఉంది.

"పో. లెక్కలు నేర్చుకో. ఆ చీటీలు మాత్రం రాయొద్దు."

"మరి ఏమన్నా అడగాలంటే?"

"నన్నడుగు."

"నువ్వు నిజం చెప్తావా?"

ఆ పొద్దున అంతమంది ముందు అరిచిన నోరు, ఒక్క పిల్ల ముందు పెగలడానికి చాలాసేపు పట్టింది.

"చెప్తా."

"నాయన వస్తాడా?"

"రాడు," అంది శివలీల.

యామిని వచ్చి తల్లి పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ ఒకరికి తెలియకుండా ఒకరు ఏడ్చినవాళ్లు, ఆ పూట ఒకరినొకరు చూస్తూనే ఏడ్చారు.