కొమురవ్వ నూనె పీపా

నేను ఒక ఇనుప పీపాను. మొదట తారు మోశాను. రోడ్డు పని ముగిశాక నన్ను పక్కన పడేస్తే, సిరిసిల్ల దగ్గర రాజలింగు అనే అతను తన ఇంటికి దొర్లించుకొచ్చాడు. ఒకప్పుడు గుడుంబా కాచిన చెయ్యి అతనిది. నాకు మూత బిగించి, గొట్టం అతికించి, దాన్ని నీళ్లతొట్టిలోంచి పోనిచ్చాడు. ఇళ్లలో పారేసిన పాల కవర్లు, పగిలిన డబ్బాలు నా కడుపులో కూరి కింద మంట పెడితే, ఆవిరి గొట్టంలో చల్లబడి నూనెగా కారేది. ఇటుక బట్టీల వాళ్లు కొనుక్కుపోయేవారు. సారా కాచిననాడు కాలరు పట్టుకున్నవాళ్లే ఇప్పుడు అతని భుజం తట్టారు. మనుషులు కుండను చూడరు, కారేదాన్ని చూస్తారు.

"ఫ్లెక్సీలు మాత్రం ఎయ్యకున్రి. లోపల్నుంచి తింటయి" అనేవాడు రాజలింగు. జ్వరమొచ్చి అతను పోయాడు. మంట దగ్గరికి అతని భార్య కొమురవ్వ వచ్చింది.

ఎన్నికలయ్యాక నవ్వు మొహాల నాయకులందరూ ఫ్లెక్సీ చుట్టలై ఆటోల్లో మా వాకిట్లోకి దిగారు. "ఊకెనే అస్తున్నయి, ఎయ్యి వదినె" అన్నాడు మరిది ఓదెలు. ఆమె వేసింది. వాళ్లు కాలితే లేచే పుల్లటి ఆవిరి నన్ను కొరకసాగింది. బయట వాళ్లేం చేస్తారో నాకు తెలియదు, నా లోపల చేసింది ఇదే. అతుకు పల్చబడి నల్లగా చెమ్మ తేలింది.

దసరా వచ్చింది. ఓదెలు ఆ చెమ్మ మీదనే వెండిరంగు పూశాడు. దాని మీద కొమురవ్వ పసుపు రాసి, బొట్టు పెట్టి, "మమ్ముల సల్లంగ సూడు తల్లీ" అని మొక్కింది. దేవతనయ్యాక నన్నిక ఎవరు తట్టి చూస్తారు? నాకు భయమేసింది, నా గురించి కాదు.

మర్నాడు పాత ఇనుము కొనేవాడు వాకిట్లో ఆగాడు. "గా పీపా ఇస్తవా అక్కా?"

నాలాంటివాళ్లు వాడి కేక వింటేనే వణుకుతారు. నేను మాత్రం తీసుకుపో నాయనా అని వేడుకున్నాను.

"బొట్టు పెట్టిన తల్లిని అమ్ముకుంటరా? పో, పో!" అని కసిరింది కొమురవ్వ.

మూత బిగించి మంట పెట్టింది. పొగ అటు పోదని నా అతుకు వైపే పీట వేసుకుంది. లోపల ఆవిరి ఆ పల్చటి అతుకును తోస్తోంది. రంగు పొక్కింది, పసుపు తడిసి కారుతోంది.

"అయ్యో, తల్లికి సెమట పట్టింది" అంటూ ఆమె కొంగు చేతికి చుట్టుకుని, తుడవడానికి నా దగ్గరికి వచ్చింది.