సంచిలో తప్పు లేదు

బిలుం సగం నిండేసరికి వాన మొదలైంది. కాఫీ పళ్లు కోయడం ఆపితే డోరిన్‌కి ఆ పూట కూలి పన్నెండు కీనాలూ పోతాయి. అయినా ఆపింది. మధ్యాహ్నం పంచాయితీ, అదీ ఆమె మీదే.

మా కొండల్లో నెత్తిన తగిలించుకునే అల్లిక సంచికీ, ఆడదాని గర్భసంచికీ ఒకటే పేరు, బిలుం. ఆరేళ్లుగా అత్త నొంగి ఆ ఒక్క మాటతోనే పిల్లల్లేని కోడల్ని కాల్చుకు తింటోంది. పెళ్లప్పుడు ఓలిగా ఇచ్చిన పందులు ఇవాళ అత్తింటికి తిరిగొస్తే డోరిన్‌కి ఇల్లు లేనట్టే. పందులు తిరిగివ్వాల్సొచ్చిందని పుట్టింట్లో ఆమెతో మాట్లాడేవాళ్లే లేరు.

పోయిన వారం ఆస్పత్రిలో నర్సు రోస్లిన్ ఆమె బిలుం పట్టీని రెండు చేతులతో ఎత్తి చూపించింది.

"సంచి బాగానే ఉంది చెల్లీ. ఇదిగో, ఈ పట్టీలాగే అటొకటి ఇటొకటి సన్న గొట్టాలుంటాయి. నెలనెలా గుడ్డు విడుదలైతే గొట్టం చివరున్న కుచ్చు దాన్ని లోపలికి తీసుకుంటుంది. మగాడి బీజం గుడ్డుని కలిసేది ఆ గొట్టంలోనే, సంచిలో కాదు. కలిశాక నాలుగైదు రోజులకి మెల్లగా సంచిలోకి చేరుతుంది. నీకు రెండు దారులూ మూసుకుపోయాయి. ఎప్పుడో మగాడి నుంచి జబ్బంటుకుని లోపల మచ్చ కట్టింది. నీ మొగుడికేమైనా వచ్చిందా?"

వచ్చింది. లారీ తోలే కేవా ఒకసారి లాయే రేవు నుంచి వచ్చి వారం పాటు సూదులు వేయించుకున్నాడు. మలేరియా అన్నాడు. ఆ నెలలోనే డోరిన్ పొత్తికడుపు నొప్పితో మెలికలు తిరిగింది. ఆమెకు సూది వేయించాలని అతనికి తోచలేదు.

పంచాయితీలో ఓలి పందులు ఎనిమిదీ గుంజలకు కట్టి ఉన్నాయి. తోలుకొచ్చిన అన్న చెల్లెలి వంక చూడలేదు.

"ఎనిమిది పందులిచ్చి ఖాళీ బిలుం తెచ్చుకున్నాం!" అంది నొంగి. జనం నవ్వారు.

కోడలు నోరెత్తని చోట డోరిన్ లేచి నిలబడింది.

"నేను పోను. అవి మలేరియా సూదులేనా కేవా? చెప్పు, మీ అమ్మ వింటుంది."



"నోర్ముయ్యవే!" అన్నాడు అన్న.

డోరిన్ బిలుం నెత్తి నుంచి తీసింది. తడి పళ్లు నేల మీద కుమ్మరించి, ఖాళీ సంచిని మొగుడి ఒళ్లో పెట్టింది.

"ఈ ఖాళీ నాది కాదు. నువ్వు మొయ్యి."

ఒక్కరూ ఆమె పక్కకు రాలేదు. వానలో ఆమె ఒక్కతే నిలబడి ఉంది. కేవా ఆ సంచిని కింద పెట్టలేక, భుజాన వేసుకోలేక, రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.